హంతకురాలెవరో ముందే చెప్పింది నేనే

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ మొహం చూస్తూ చెప్పాలి. ఆ ధైర్యం నాకు చాలాకాలం లేకపోయింది.

నేను ఎవరినీ చంపలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక పాత బెంగాలీ డిటెక్టివ్ సినిమాలో హత్య చేసిందెవరో, ఆ సినిమా చూడబోయేవాళ్ళకు ముందే చెప్పేశాను. అంతే. నవ్వొస్తోందా? రానివ్వండి. మొదట్లో నాకూ వచ్చేది. ఇంత చిన్నదానికి ఇంత కుమిలిపోవడం ఏమిటి, నీకేమైనా మతిపోయిందా అని నన్ను నేనే కోప్పడేవాణ్ణి. మరి అంత చిన్నదే అయితే ఎవరికీ ఎందుకు చెప్పలేకపోయాను? మా ఆవిడకు కూడా చెప్పలేదు. పెళ్ళయి పాతికేళ్ళు దాటింది, ఆవిడకు తెలియకుండా నేను దాచింది ఇదొక్కటే. దాచానంటేనే అది చిన్నది కాదన్నమాట.

మేముండేది మిషిగన్‌లో, ట్రాయ్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది కార్ల కంపెనీలనే నమ్ముకుని బతుకుతారు. నేను కారు సీట్లు డిజైన్ చేస్తాను. కానీ మావాళ్ళలో నన్ను ఎవరూ సీట్ల ఇంజినీరుగా గుర్తుపెట్టుకోరు. నేను తెలుగు బాగా రాస్తానని పేరు. మాది కృష్ణా జిల్లా, మా నాన్న హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. ఉగాదికి మా సంఘం వేసే పత్రికకు ఏటా నేనే సంపాదకుణ్ణి. ఎవరింట్లో గృహప్రవేశం కార్డు వేయించినా ముందు నాకు చూపిస్తారు. మీరు ఒకసారి చూస్తే మాకు ధైర్యం అంటారు. ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది. ఇంజినీర్లు వీధికి పాతికమంది ఉన్నారు, తెలుగు వచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను.

ఇక అతని సంగతి. అసలు పేరు రాయను, సింహాద్రి అనుకోండి. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడట. అలాంటి తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ నేర్పింది. మాట మాత్రం మామ్మ నేర్పింది, అంటే వాళ్ళ నాన్న తల్లి. తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఏ తెలుగు పట్టుకెళ్ళారో అదే తెలుగు, చెక్కుచెదరకుండా అతని నోట్లో ఉండేది. మా గెట్‌టుగెదర్లలో కొందరు అతని ఎదుటే అనుకరించేవాళ్ళు. ఏటి సింహాద్రీ, ఏటి కబుర్లు అని. అతనూ నవ్వేవాడు. నన్ను బెంగాలీ అలవాటు చొప్పున దాదా అని పిలిచేవాడు. ఇంత పెద్ద ఊళ్ళో నాకు సొంత తమ్ముడు దొరికాడని మా ఆవిడ అంటుండేది.

అతని ఉద్యోగం విచిత్రమైనది. కొత్త కారులో ఎక్కడో కిర్రుమంటుంటే, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. పదిమంది ఏమీ లేదన్న చోట అతను వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించేవాడు.

అప్పట్లో నెలకో ఆదివారం మధ్యాహ్నం మా కాలనీ క్లబ్‌హౌస్‌లో సినిమా వేసుకునేవాళ్ళం. నెలకొకరి వంతు. వంతు వచ్చినవాళ్ళు సినిమా ఎంచుకోవాలి, సమోసాలు తేవాలి, చివర్లో కుర్చీలు మడతపెట్టాలి. అందరూ తెలుగు సినిమాలే తెచ్చేవాళ్ళు. సింహాద్రి వంతు వచ్చినప్పుడు అతనొక బెంగాలీ సినిమా వేస్తానన్నాడు. నలుపు తెలుపుది, డిటెక్టివ్ కథ. బెంగాలీవాళ్ళకే సరిగ్గా గుర్తులేని సినిమా. వచ్చిన కొత్తలో ఆడలేదట, తరవాత ఎవరూ పట్టించుకోలేదట. దాని పేరు చెబితే మా చుట్టుపక్కలవాళ్ళకు మనుషులు తెలిసిపోతారు, అందుకని చెప్పను. కథ మాత్రం చెప్పక తప్పదు. మళ్ళీ అదే పని చేస్తున్నానని నాకు తెలుసు.

వానాకాలం. ఒక స్టీమరు నది మధ్యలో ఇసుక మేట మీద ఇరుక్కుపోతుంది. రెండు రోజులు కదలదు. అందులో ఒక జనపనార వ్యాపారి చచ్చి పడి ఉంటాడు. అదే స్టీమరులో రిటైరైన సర్వే గుమాస్తా ఒకాయన ఉంటాడు. చూడ్డానికి ఏమీ ఆనడు, జలుబుతో చీదుతూ, అందరినీ ప్రశ్నలు అడుగుతుంటాడు, ఈ కథకు డిటెక్టివ్ ఆయనే. ఒక ముసలమ్మ ఉంటుంది. చిన్న డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కిళ్ళీలు చుట్టి ఇస్తుంది. తడిసినవాళ్ళ తల తుడుస్తుంది. ఏడుస్తున్న పసిపిల్లను ఆడిస్తుంది. సినిమా అంతా ఆమె చుట్టూనే తిరుగుతుంది. మనకు తెలియకుండానే ఆమె మీద ప్రేమ పుట్టుకొస్తుంది. చివరికి చంపింది ఆమే. ఒకప్పుడు తుఫానులో పడవ వేసుకుని వెళ్ళమని ఆమె కొడుకును ఏటి మీదికి తరిమి, వాడు మునిగి చావడానికి కారణమైనవాడు ఆ వ్యాపారే. ఆమె మీద ప్రేమ కలిగితేనే ఆ ముగింపు గుండెల్లో దిగుతుంది. ముందే తెలిసిపోతే మిగిలేది ఒక మాయలాడి ముసలిదీ, నాలుగు కిళ్ళీలూ.

సింహాద్రి ఈ సినిమాను పదేళ్ళ వయసులో రైల్వే వాళ్ళ హాల్లో చూశాడట, పక్కన మామ్మ. అన్నేళ్ళు అక్కడున్నా ఆవిడకు బెంగాలీ అంతంత మాత్రం. ఇతను ఒక్కొక్క మాటా ఆవిడ చెవిలో తెలుగులో చెప్పాడట, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి కసురుతున్నా ఆపకుండా. కిళ్ళీ ముసలమ్మను చూసి ఆవిడ, ఈమె మన మనిసిలాగే ఉన్నాదిరా అందట. ఆ సినిమాలో తక్కినవాళ్ళంతా కలకత్తా బెంగాలీ మాట్లాడతారు, ముసలమ్మ ఒక్కతే ఏటి అవతలి పల్లె మాట మాట్లాడుతుంది. ఆ సంగతి సింహాద్రే నాకు చెప్పాడు. అందుకే తెలుగు సబ్‌టైటిల్స్ తనే రాయాలనుకున్నాడు. తక్కినవాళ్ళకు మామూలు తెలుగు, ముసలమ్మకు మామ్మ తెలుగు. లంచ్ బ్రేకుల్లో కూర్చుని ఎనిమిది నెలలు రాశాడు.

రాసి, నాకు పంపించాడు. సినిమా, సబ్‌టైటిల్స్ ఫైలు, రెండూ. ఒక్కసారి చూసి తప్పులుంటే దిద్దు దాదా, నీ తెలుగు మంచిది, ఎవరికీ చివర ఏమవుతుందో చెప్పకు అని మెయిల్ పెట్టాడు. ఈ భూమ్మీద ఆ రహస్యం అతను నాకొక్కడికే అప్పజెప్పాడు.

ఎర్ర పెన్నూ కాగితమూ పక్కన పెట్టుకుని మరీ చూశాను. డిటెక్టివ్ తడిసి ముద్దయి లోపలికి వస్తాడు. ముసలమ్మ అంటుంది: "ఏటి బాబూ, అలగ తడిసీసినావు? ఇలగ రా, కూకో. ముందు ఈ కిళ్ళీ నమిలీసి, తరవాత నీ దొంగల్ని పట్టుకుందువు గాని." నేను రాసి ఉంటే 'అలా తడిసిపోయావేమిటి నాయనా, ఇటు వచ్చి కూర్చో' అని రాసేవాణ్ణి. తప్పేమీ లేదు, చచ్చినట్టుండేది. చివర్లో దొరికిపోయాక ఆమె అంటుంది: "నా కొడుకుని ఏరు తీసుకుపోనాది అన్నారు బాబూ. ఏటికేటి తెలుసు? ఏటికి కళ్ళు నేవు గదా. మనిసికి ఉన్నాయి." నేను ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. కాగితం మీద దిద్దడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.

అక్కడే మొదలైంది నా రోగం. సంతోషించాల్సింది పోయి కడుపులో మంట పుట్టింది. బడిలో ఒక్క రోజు తెలుగు చదువుకోనివాడు, ఏటి అని మాట్లాడేవాడు, ఇలా ఎలా రాస్తాడు? ఇన్నేళ్ళూ నేను రాసిన సంపాదకీయాలు గుర్తుకొచ్చాయి. వాటిలో ఒక్క వాక్యానికైనా ఎవరైనా కంటతడి పెట్టారా? జవాబు నాకు తెలుసు. అతనికి మెయిల్ పెట్టాను. బాగానే ఉంది, చిన్న చిన్నవి ఉన్నాయి, పర్వాలేదులే అని. చిన్న చిన్నవి ఏమీ లేవు.

సినిమాకు ముందు రోజు, శనివారం పొద్దున బ్యాడ్మింటన్ ఆడి కూర్చున్నాం. సింహాద్రి రాలేదు. ఎవరో అన్నారు, సింహాద్రి గారు తెలుగులో ఏదో బ్రహ్మాండంగా రాశారట కదా, వచ్చే ఉగాది పత్రిక ఆయన చేతికిద్దాం, మీకూ కాస్త రెస్ట్ దొరుకుతుంది అని. సరదాకే అన్నారు. నేను కూడా నవ్వుతూనే అన్నాను. ఆ, ఏముందిలే అందులో, ఒక కిళ్ళీ ముసలమ్మ ఉంటుంది, చంపేది ఆవిడే, అది తెలియడానికి రెండు గంటలు కూర్చోవాలి అని.

నోరు జారింది అని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మొదటిసారి జారిందేమో. ఆ మధ్యాహ్నం ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఇంకొకాయనకు చెప్పాను. అది జారలేదు. సాయంత్రం ఫోన్లో మరొకరికి చెప్పాను, ఎవరికీ చెప్పకండి అని కూడా అన్నాను. ఎవరికీ చెప్పకండి అంటే మావాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను. తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయింది, సింహాద్రికి తప్ప.

ఆదివారం రెండింటికి క్లబ్‌హౌస్ నిండిపోయింది. సింహాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రొజెక్టరు పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. తొమ్మిదేళ్ళ కూతురు పిల్లలందరితో కలిసి ముందు కార్పెట్ మీద కూర్చుంది. దాన్ని మీనా అందాం. స్టీమరు వచ్చింది, వాన వచ్చింది, ముసలమ్మ వచ్చింది. ఆమె డబ్బా తెరిచి, ఏటి బాబూ అంది. హాలంతా ఒక్కసారి నవ్వింది. అదిగో వచ్చింది, కిళ్ళీ తినకండి మాస్టారూ అని వెనక నుంచి ఎవరో గొణిగారు. మళ్ళీ నవ్వు. ఆ తరవాత ఆమె నోరు విప్పినప్పుడల్లా నవ్వే. పసిపిల్లను ఆడిస్తూ పాడితే నవ్వు. తల తుడిస్తే నవ్వు. పెద్దవాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి పిల్లలు కూడా పడీపడీ నవ్వారు. ఏటికి కళ్ళు నేవు గదా అన్న చోట, హాలు నిశ్శబ్దమైపోవలసిన చోట, ఇంకా కొందరు కిసుక్కుమన్నారు.

నేను తెర చూడలేదు. సింహాద్రిని చూశాను. అతను చెవి ఒగ్గి వింటున్నాడు, కారులో వెనక సీట్లో కూర్చుని వింటాడే, అలాగే. నవ్వు ఎక్కడ వస్తోందో వెతుకుతున్నాడు. తక్కినవాళ్ళు మాట్లాడితే లేదు. మామ్మ తెలుగు వచ్చినచోటల్లా ఉంది. చప్పుడు ఎక్కడిదో అతనికి దొరికింది. దొరికిందనుకున్నాడు. జీవితంలో అదొక్కటే అతను తప్పుగా పట్టుకున్నది, దానికి కారణం నేను.

అందరూ వెళ్ళాక ఇద్దరం కుర్చీలు మడతపెడుతున్నాం. అతను నా వైపు చూడకుండానే అడిగాడు.

"దాదా, నిజం చెప్పు. మా మామ్మ మాట నవ్వులాటగా ఉందా?"

ఇదీ ఆ క్షణం. ఇక్కడ ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. వాళ్ళు నవ్వింది మాటకు కాదు, నేను ముందే చెప్పేశాను అని. వాడు నన్ను నాలుగు తిట్టేవాడు, వారం మాట్లాడేవాడు కాదు, అయిపోయేది. నేనేం అన్నానో వినండి.

"పల్లెటూరి యాస కదా సింహాద్రీ. మనవాళ్ళకు ఆ యాస వింటే కామెడీ అనుకోవడం అలవాటు. మంచి తెలుగులో రాసుంటే బాగుండేదేమో."

అతను చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు చూశావు కదా. ముందే చెప్పుండాల్సింది దాదా."

"నిన్ను బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

 మిగిలిన కుర్చీలు మడతపెట్టాం. ముందే చెప్పకూడనివాళ్ళందరికీ చెప్పినవాణ్ణి, చెప్పాల్సినవాడికి చెప్పలేదు. హంతకురాలి పేరు బయటపెట్టడం ఒక తప్పు. అది ఈర్ష్య, అందరికీ ఉంటుంది అనుకుని ఎప్పటికైనా మర్చిపోయేవాణ్ణేమో. ఈ రెండో మాట అలాంటిది కాదు. ఒక మనిషి తన మామ్మ నోటి మాటను తెచ్చి చూపించి ఇది బాగుందా అని అడిగితే, బాగాలేదు అన్నాను. బాగుందని తెలిసి అన్నాను.

ఆ తరవాత అతను మారిపోయాడు. గొడవేమీ పడలేదు. పండగలకు వచ్చేవాడు, పలకరించేవాడు. కానీ దాదా పోయి సార్ వచ్చింది. నువ్వు పోయి మీరు వచ్చింది. ఏటి, ఎల్లిపోనాడు, సెప్పు, అన్నీ పోయాయి. టీవీ వార్తల్లో చదివేవాళ్ళ తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాడు, అదీ తక్కువే. ఎక్కువగా ఇంగ్లీషే. రెండేళ్ళ తరవాత నా మనసు ఉండబట్టలేక పత్రికకు ఏదైనా రాయమని అడిగాను. నవ్వి, నా తెలుగు మీకు పనికిరాదు సార్ అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజమనుకునే అన్నాడు. వెటకారమైతే బాగుండేది.

నాకు పేరు అలాగే ఉంది. పత్రిక నాదే. ఏ వేదిక మీదో నిలబడి మన భాషను కాపాడుకోవాలి అని ఉపన్యాసం ఇస్తుంటే, వెనక వరసలో అతను కూర్చుని చప్పట్లు కొడుతూ కనిపించేవాడు. అప్పుడు నాకు మాట తడబడేది. వయసు మీద పడుతోందని జనం అనుకునేవాళ్ళు. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకోలేదు? ఇప్పుడు చెప్పి ఏం లాభం, పాత పుండు రేపడం ఎందుకు, వాడెప్పుడో మర్చిపోయి ఉంటాడు. ఇవన్నీ వాడి కోసం అనుకుంటున్నానని అనుకునేవాణ్ణి. నిజానికి అన్నీ నా కోసమే.

పోయిన నెలలో మీనా ఫోన్ చేసింది. ఇప్పుడు దానికి ఇరవై ఏళ్ళు, యూనివర్సిటీలో చదువుతోంది. ఇంట్లో పాత డబ్బాలో ఆ సినిమా డిస్క్ దొరికిందట. దాని రూమ్మేట్ బెంగాలీ అమ్మాయి, ఆ పిల్ల కూర్చుని చూసి, ఇంత మంచి సినిమా ఎవరికీ తెలియకపోవడం ఏమిటని గోల చేసిందట. ఇద్దరూ కలిసి కాలేజీలో వేస్తారట. డాడీ రాసిన తెలుగు ఫైలు ఇంట్లో ఎక్కడా లేదట. అడిగితే, డిలీట్ చేసేశాను, దండగ పని అన్నాడట. నాకు ఒకప్పుడు పంపినట్టు వాళ్ళమ్మకు గుర్తుంది. నా దగ్గరేమైనా ఉందా?

ఉంది. పదకొండేళ్ళలో రెండు కంప్యూటర్లు మారాను, ఆ మెయిల్ మాత్రం తీసేయలేదు, తెరవనూ లేదు. చూస్తాను తల్లీ అన్నాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"అంకుల్, యాక్చువల్లీ ఇంకోటి చెప్పాలి. ఆ రోజు నేను కూడా నవ్వాను. ఎందుకో తెలీదు, అందరూ నవ్వారు, సో నేను కూడా. డాడీ అప్పుడు నన్ను చూశాడు. ఆ తర్వాత డాడీ ఆ తెలుగు ఇంట్లో మాట్లాడలేదు. సో అది నా వల్లే, ఐ థింక్."

నేను ఏమన్నానో గుర్తులేదు.  తొమ్మిదేళ్ళ పిల్ల ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నా తప్పును తన తప్పనుకుని మోస్తోంది. నేనొక్కణ్ణే మోస్తున్నానని గొప్పగా బాధపడుతున్నాను ఇన్నాళ్ళూ. నాకు నామీద అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఫైలు తెరిచాను. మళ్ళీ మొత్తం చదివాను. అప్పటికంటే ఇప్పుడు ఇంకా బాగుంది. ఆ మామ్మ మాట ఇక ఈ ఫైల్లో తప్ప ఎక్కడా లేదేమోనని, అది నా దగ్గర బందీగా ఉందని అర్థమైంది. మా ఆవిడను పిలిచి మొత్తం చెప్పాను.  ఇది నాకెందుకు చెప్తున్నారు, వెళ్ళి అతనికి చెప్పండి అంది.

శనివారం పొద్దున వెళ్ళాను. సింహాద్రి గరాజ్ తలుపు ఎత్తి పెట్టి, కారుకు స్నో టైర్లు మారుస్తున్నాడు. రండి సార్, కాఫీ తాగుతారా అన్నాడు. వద్దన్నాను. నిలబడే చెప్పాను. బ్యాడ్మింటన్, కూరగాయల దగ్గర, ఫోన్లో, మూడూ వరసగా చెప్పాను. మెయిల్లో చిన్న చిన్నవి ఉన్నాయన్నది అబద్ధమని చెప్పాను. మంచి తెలుగులో రాసుంటే బాగుండేదన్నది కూడా అబద్ధమేనని చెప్పాను. ముందే ఇంట్లో ఒకటికి పదిసార్లు అనుకుని వెళ్ళాను, క్షమించమని మాత్రం అడగకూడదని. అడిగితే మళ్ళీ నా కోసం అతన్ని ఏదో ఒకటి అడిగినట్టే. శని ఆదివారాలకు ఇంటికొచ్చిన మీనా, ఇంట్లోంచి గరాజ్‌లోకి వచ్చే తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఆ పిల్ల వైపు తిరిగి, నువ్వు నవ్వడం వల్ల ఏమీ కాలేదు తల్లీ, మీ డాడీకి అబద్ధం చెప్పింది నేను అన్నాను.

సింహాద్రి చేతిలో పానా కింద పెట్టాడు. మెల్లగా లేచాడు. మొహం ఎర్రబడింది. మొదట ఇంగ్లీషులో ఏదో అనబోయాడు. రాలేదు. ఇంకోసారి నోరు తెరిచాడు.

"ఏటి సేసినావు నువ్వు? పదకొండేళ్ళు నా నోరు నానే నొక్కీసుకున్నాను. నా కూతురు ముందర నోరిప్పనేదు. మా మామ్మని తలుసుకుని సిగ్గుపడ్డాను. ఇప్పుడొచ్చి సల్లగా తప్పయిపోనాది అంటన్నావేటి? ఎల్లు. నాకు కనపడకు."

ఇంకా చాలా అన్నాడు. సగం నాకు అర్థం కాలేదు, ఆ మాటలు నేనెన్నడూ వినలేదు. తెలుగు వచ్చినవాణ్ణి నేనేనని కదా నా గర్వం. తల వంచుకుని విన్నాను. ప్రతి మాటా నాకు చెందిందే. వచ్చి కారులో కూర్చున్నాను.  బండి తీయకుండానే ఫోన్లోంచి మీనాకు ఫైలు పంపించాను. ఏ మాటా మార్చలేదు, అన్నీ మీ ముత్తవ్వ మాటలే అని ఒక ముక్క రాశాను.

మూడు వారాలైంది. సింహాద్రి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేస్తాడని ఎదురు చూడటం లేదు. గొంతులో అడ్డం పడ్డది మాత్రం లేదు. అన్నం తింటుంటే ఆ తేడా తెలుస్తోంది. ఉగాది పత్రిక ఈసారి నేను చేయనని సంఘానికి చెప్పాను, కారణం కూడా చెప్పాను. వాళ్ళ మొహాలు ఎలా మారాయో చూశాను. చూడగలిగాను.

ఆ శనివారం నేను సింహాద్రి దగ్గర నుంచి ఇంటికి చేరేసరికి మీనా దగ్గర నుంచి జవాబు వచ్చి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చదువుకున్నానో.

"అంకుల్, డాడీ ఇంకా మిమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. నేను అన్ని వర్డ్సూ రాసుకుంటున్నాను."